బావ ట్యాంకులో నురగ

బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను మా ఇంట్లో చేపల ట్యాంకు ముందు కూర్చుని, మురికి నురగ పట్టే స్కిమ్మర్ కప్పు కడుగుతున్నాను. "తమ్మీ, మీ బావ లేడురా" అంది. దుకాణం తెరవబోతూ మెట్ల మీదే కూలబడ్డాడట, దవాఖానకు చేరేలోపే అయిపోయిందట. నేను వెళ్లేసరికి తెచ్చి హాల్లో పడుకోబెట్టారు. గడప దాటగానే నా చూపు ముందు బావ మీదికి పోలేదు, గోడవారగా వెలుగుతున్న ఆయన ట్యాంకు మీదికి పోయింది. ఆ రోజు కూడా ఆ నీళ్లు నా ట్యాంకు నీళ్ల కంటే తేటగా ఉన్నాయి.

దాచడం దేనికి, మా బావంటే నాకు ప్రాణం, ఆయన ట్యాంకంటే కడుపుమంట. ఆయన పోయాక మొదటిది పెరిగింది, రెండోది మాత్రం తగ్గలేదు.

సముద్రానికి ఇంత దూరాన, పాలమూరులో, ఉప్పునీళ్ల ట్యాంకు పెట్టి పగడాలు పెంచాలన్న పిచ్చి ముందు పట్టింది నాకు. తెలంగాణ వచ్చాక కరెంటు కోతలు తగ్గాయి, ఇక మోటర్లు ఆగవని ధైర్యం చేసి హైదరాబాదు నుంచి అన్నీ తెచ్చుకున్నాను. బావ వచ్చి చూశాడు, మంచిగుందన్నాడు, చాయ్ తాగి వెళ్లాడు. మరుసటి ఏడాదికి ఆయనింట్లో నాదానికంటే పెద్దది వెలిసింది. నా దగ్గర బతకడానికే మొండికేసిన పగడాలు ఆయన దగ్గర గుత్తులు గుత్తులుగా పెరిగాయి. మా అమ్మాయి కూడా బడి నుంచి వచ్చి ఆయన ట్యాంకు ముందే కూర్చునేది. మామయ్య ట్యాంకులో నీళ్లే కనపడవనీ, చేపలు గాలిలో ఉన్నట్టుంటాయనీ వచ్చి నాతోనే చెప్పేది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

బావది బట్టల దుకాణం. నీళ్లలోని చెత్తను పట్టే ఫిల్టరు సంచులను ఆయన కొనేవాడు కాదు. రకరకాల గుడ్డలు వెలుగుకు ఎత్తి పట్టి చూసి, ఒకటి ఎంచి కుట్టించేవాడు. అదే తానులోంచి నాకూ కుట్టించి ఇచ్చాడు, అయినా నా నీళ్లు మసకగానే ఉండేవి. ఆయన రోజూ దుకాణానికి బయల్దేరే ముందు సంచి మార్చి, పాతదాన్ని కడిగి, తడిగా ఉండగానే కిటికీ దగ్గర ఎత్తి పట్టి చూసేవాడు. వెలుతురు సరిగ్గా రాకపోతే మళ్లీ కడిగేవాడు. నేనైతే గుర్తొచ్చినప్పుడు మార్చేవాణ్ని.

"చెత్త కరగకముందే పట్టాలె బామ్మర్దీ. కరిగినంక గుడ్డతోని కాదు, ఇగ నురగే దిక్కు" అనేవాడు. ఆ నురగ పని స్కిమ్మర్‌ది. దాని గొట్టంలో సన్నటి గాలిబుడగలు లేస్తుంటాయి, నీళ్లలో కరిగిన మురికి వాటికి అంటుకుని నురగై పైకెక్కి కప్పులో పడుతుంది. బావ కప్పులో అది డికాషన్‌లా నల్లగా, చిక్కగా, ముక్కు పగిలిపోయే కంపుతో నిండేది. నా కప్పులో పలచటి చాయ్ రంగు నీళ్లు. ఇంకొకరింటి మురికిని చూసి కుళ్లుకున్నవాడు ఈ ఊళ్లో నేనొక్కణ్నే అయ్యుంటాను.

ఒకసారి పంతానికి పోయి, ఆయన సంచుల కంటే నావి తెల్లగా ఉండాలని సబ్బుపొడితో ఉతికి ట్యాంకులో పెట్టాను. కాసేపట్లోనే స్కిమ్మర్ పొంగి నురగ హాలంతా పారింది. బావ దుకాణం వదిలి వచ్చాడు. ప్యాంటు మడిచి, నాతో పాటు నేల తుడిచి, నీళ్లు మార్చి, చేపలు తేరుకునేదాకా ఉన్నాడు. చేపలకు తానం పోస్తున్నవా అని ఒక్క మాట అన్నాడు తప్ప, ఆ సంగతి అక్కకు కూడా చెప్పలేదు. చెప్పినా బాగుండేది, తిట్టుకోవడానికి నాకొక సాకు దొరికేది.

పదకొండో రోజు, మా ఇళ్లలో ఆనవాయితీ ప్రకారం, పుట్టింటి తరఫున అక్క తలకు నేనే నూనె పెట్టాను. ఆమె జుట్టు సవరించుకుని, అదే చేత్తో, బావ చేసినట్టే వేళ్లు నీళ్లలో ముంచి చేపలకు మేత వేసింది. భోజనాలయ్యేసరికి స్కిమ్మర్‌లో నురగ పడిపోయింది. మోటరు తిరుగుతూనే ఉంది, బుడగలు మాత్రం పైదాకా రాకుండానే పగిలిపోతున్నాయి. ఇంటాయన పోయిన సంగతి దానికీ తెలిసిందని చుట్టాలు గుసగుసలాడారు. అక్క దానివంకే చూస్తూ కూర్చుంది.

"నాతోని కాదు తమ్మీ. నువ్వే తీస్కపో" అంది.

ఇన్నేళ్లుగా నేను కోరుకున్న మాట అది. మా హాల్లో దాన్ని ఏ గోడకు పెట్టాలో కూడా ఎప్పుడో అనుకుని ఉంచాను. నురగ ఎందుకు పడిపోయిందో అక్కడున్న అందరిలో నాకొక్కడికే తెలుసు. నూనె తగిలితే నురగ నిలవదు, కొన్ని గంటలు ఆగితే దానంతటదే లేస్తుంది. నేను నోరు మూసుకుని తలూపితే చాలు, ట్యాంకు నాది. ప్యాంటు మడిచి మా హాలు తుడుస్తున్న బావ కళ్లముందు మెదిలాడు. పోయినా నన్ను వదలడం లేదని ఒళ్లు మండింది.

"నీ చేతికి నూనె ఉండె అక్కా. దానికేం కాలె. పొద్దుగాల వరకు అదే లేస్తది" అన్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. లేవకపోతే బాగుండునని దారంతా అనుకుంటూనే వెళ్లాను. లేచింది. కప్పు అడుగున అదే నల్లటి డికాషన్. అక్క సంచి మార్చి, పాతదాన్ని కడిగి, మోచేతుల దాకా నీళ్లు కారుతుండగా కిటికీ దగ్గర వెలుగుకు ఎత్తి పట్టుకుని ఉంది. నేను వచ్చింది కూడా చూడలేదు. తల వంచి ఇంకోసారి పరీక్షగా చూసి, వెలుతురు చాలలేదేమో, దాన్ని మళ్లీ నల్లా కిందికి తీసుకెళ్లింది.