రాకాసి గుండ్ల వార్త

శామీర్‌పేట అవతల ఒక ఎకరం చెలకలో గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద రాళ్లుండేవి. ఊళ్లో వాటిని రాకాసి గుండ్లనేవారు. రాక్షసులు ఆడుకుని వదిలేసినవట. కదిపినవాడు నెత్తురు కక్కుకుంటాడట. చుట్టూ భూములన్నీ ప్లాట్లయిపోయినా ఆ ఎకరం జోలికి ఎవరూ పోలేదు.

దాని అంచున గుడిసె వేసుకుని ఒక అవ్వ ఉండేది. భర్త లేడు, పిల్లలు లేరు. పట్టా మరిది కొడుకుల పేరు మీద ఉంది. వాళ్లు అమ్మబోతే కొనవచ్చినవాళ్లు రాళ్ల సంగతి విని వెనక్కి పోయేవారు. ఏటా తొలి వాన పడగానే అవ్వ ఆ రాళ్ల నడుమ పెరుగన్నం పెట్టేది. రాకాసి వచ్చి తిని పోయిందని మర్నాడు ఇంటింటికీ చెప్పేది. తినేవి కుక్కలని ఆమెకూ తెలుసు.

అప్పుడు నేను మేడ్చల్‌లో ఒక దినపత్రిక విలేకరిని. పురావస్తు పరిశోధకుడొకాయన నా వెంట వచ్చి చూసి, ఇవి ఇనుప యుగపు సమాధులు, కింద కుండలూ ఎముకలూ ఉంటాయన్నాడు. ఫొటో తీసుకుని బయల్దేరుతుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"లోపట ఏమన్న ఉండనీ బిడ్డా. రాకాసులున్నరని రాయి. గంతే."

నవ్వి తలూపాను. రాక్షసులు వట్టి మాటేనని, అవి పూర్వీకుల సమాధులని, కాపాడుకోవాలని రాశాను. జిల్లా పేజీలో పైన వేశారు. అధికారులెవరూ రాలేదు. పది రోజులకు జేసీబీ వచ్చింది.

నేను వెళ్లేసరికి కుండ పెంకులు మట్టిలో కలిసిపోయి ఉన్నాయి. గుడిసె ఉన్నచోట ప్లాట్లు అమ్మే టెంటు వేశారు. అందులో నా వార్త లామినేషన్ చేసి వేలాడుతోంది. రాక్షసులు లేరన్న ముక్క వరకే ఉంది, సమాధుల మాట రాకముందే కత్తిరించారు. మరిది పెద్దకొడుకు టీ తెప్పించాడు.

"మీ పుణ్యమే సార్. పెద్దమ్మ రాకాసితోని ఇన్నేండ్లు మస్తు పరేషానైనం."

ఆ టీ తాగాను.

అవ్వ మిగిలిన ఒక్క రాయి మీద మూటతో కూర్చుని ఉంది. ఏం రాశానో చదవమంది. సంచిలోని పేపరు తీసి మొత్తం చదివాను. చివరిదాకా విన్నది.

"మంచిగనే రాసినవ్. సచ్చినోళ్లు ఏడున్నరో రాసినవ్. ఇగ నేనేడుండాల్నో గది రాయకపోతివి."

ఆ రాయి కూడా తియ్యాలని జేసీబీ డ్రైవర్ హారన్ కొట్టాడు. అవ్వ మూట పట్టుకుని లేచింది.