తస్నీమ్ మేడమ్ అడిగే పద్ధతి

మొన్న మంగళవారం నాగర్‌కర్నూల్ బస్టాండు బయట బండి మీద నల్లద్రాక్ష ఎండకు మగ్గి వాసన వేస్తుంటే అక్కడే నిలబడిపోయాను. ఎంత తూచాలమ్మా అని పండ్లాయన రెండుసార్లు అడిగాడట, నాకు వినబడలేదు. ఆ వాసనకు నాకు పండ్లు గుర్తుకు రావు. ఆపరేషన్ కుట్ల మీది కట్టు విప్పే క్షణం గుర్తుకు వస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా పుండులో చేరితే అచ్చం ఇలాగే, తియ్యగా, మగ్గిన ద్రాక్ష వాసన వస్తుంది. కట్టు పచ్చగా తడుస్తుంది. నర్సుగా ఎన్నో ఏళ్లు ఆ వాసన పీల్చాను. దాని వెనుక ఉన్నదేమిటో నాకు చెప్పింది మాత్రం మా ల్యాబు డాక్టరు తస్నీమ్ మేడమ్. ఆమె నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది. అరకిలో ద్రాక్ష కొనుక్కుని, దారంతా ఒక్కదాన్నే నవ్వుకుంటూ ఇంటికి వచ్చాను.

పనిచేసిన దవాఖాన పేరు రాయను. మా పాలమూరు వైపుదే. గద్వాల, వనపర్తి, కల్వకుర్తి, అన్ని దిక్కుల నుంచీ రోగులు వచ్చేవాళ్లు. నేను ఆడవాళ్ల సర్జరీ వార్డుకు హెడ్ నర్సును. తేదీ వేయని సీసా నా వార్డులో ఉండేది కాదు. నా అడుగుల చప్పుడుకు మాటలు ఆగిపోయేవి, దుప్పట్లు సర్దుకునేవి. అది నాకు గర్వంగా ఉండేది. మేడమ్ గద్వాల పిల్ల. వచ్చిన మొదటివారమే శాంపిల్ తీసుకోవడానికి తానే వార్డుకు వచ్చింది. సూపరింటెండెంట్ సార్ ఒక పుండు చూపించి, ఇదెందుకు మానడం లేదని అడిగితే, "తెల్వదు సర్. చూసి చెప్త," అంది. డాక్టరు నోట ఆ మాట అంత హాయిగా రావడం నేను వినడం అదే మొదటిసారి.

ఆ చలికాలంలో మాకు కష్టం వచ్చింది. రాజోలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన గొర్లకాపరుల మల్లమ్మకు కడుపు ఆపరేషన్ కుట్లు చీము పట్టాయి. మామూలు యాంటీబయాటిక్స్ ఏవీ పని చేయలేదు. ఆమె ఎలాగో కోలుకుని వెళ్లింది. తరువాత కల్వకుర్తి నుంచి వచ్చినామెకు అదే వాసన, అదే మొండితనం. ఆమె కూడా బాగై వెళ్లాక, వనపర్తి వైపు నుంచి వచ్చిన కూలీ మనిషి యాదమ్మకు మొదలైంది. ఇలాగే సాగితే వార్డులో ఆపరేషన్లు ఆపేస్తామన్నారు సార్. ఆ ముగ్గురికీ ఎవరెవరు కట్లు కట్టారో చెప్పమన్నారు.

నేను ఇంటికి వెళ్లి డ్యూటీ రోజులన్నీ తీసి లెక్క వేశాను. డాక్టర్లు మారారు, నర్సులు మారారు. ముగ్గురి పుండునూ తాకిన చేతులు నావి మాత్రమే. మళ్లీ వేశాను. అదే వచ్చింది. పొద్దున్నే ల్యాబుకు వెళ్లి, నన్ను వార్డు నుంచి తీసేసి స్టోరుకు వేయమని మీరే సార్‌కు చెప్పండి అన్నాను. పుండు కడగడం తప్ప నాకు ఇంకో పని రాదు. ఇంకో పని నచ్చదు కూడా.

మేడమ్ నా ఎదుట టీ పెట్టింది. "జర కూసోండ్రి అక్కా. లెక్క సరిపోయిందా?"

"సరిపోయింది."

"సరిపోతే నిజమైపోతదా? మా చెల్లె పెండ్లిల ఫోటోలన్నిట్ల నేనే ఉన్న. గట్లని పెండ్లి నాదైతదా?"

అంత బాధలోనూ నాకు నవ్వు వచ్చింది. అప్పుడు ఆమె జన్యు పరీక్ష గురించి చెప్పింది. బ్యాక్టీరియా ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అలా అయినప్పుడల్లా తన లోపలి రాతను తిరిగి రాసుకుంటుంది. రాసేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం తప్పుతుంది. ఆ తప్పు దాని పిల్లలకూ వస్తుంది. "బడిల పిల్లలు ఒకరి దాంట్ల ఒకరు చూసి రాస్తే తప్పులు గూడ అట్లనే ఎక్కించుకుంటరు గద? ఆ తప్పులను బట్టి ఎవడు ఎవని దాంట్ల చూసిండో పంతులు పట్టుకుంటడు. మనం గూడ గట్లనే పట్టుకుందం." ముగ్గురి పుండ్ల నుంచి పెంచిన బ్యాక్టీరియాను హైదరాబాద్ పంపాలి. మొదటి ఇద్దరివీ ల్యాబులో దాచి ఉన్నాయి. యాదమ్మ మంచం పక్కన కూర్చుని మేడమ్ అనుమతి అడిగింది.

"నా పురుగును పట్నం పంపుతవా డాక్టరమ్మా?" అంది యాదమ్మ. "నేనే ఇంతవరకు పట్నం సూడలే. దాని నసీబు మంచిగున్నది."

ఫలితం రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఆలోగా ఏ మందుకు లొంగుతుందో ల్యాబులోనే తేల్చి, ఆ మందు యాదమ్మకు మొదలుపెట్టారు. నేను కట్లు కడుతూనే ఉన్నాను. ప్రతిసారీ నా వేళ్లను అపరిచితుల వేళ్లలా చూసుకునేదాన్ని.

కాగితాలు వచ్చిన రోజు మేడమ్ మెట్ల మీదనే నన్ను ఆపేసింది. ముగ్గురూ ఎవరి ఇంటి నుంచి వారు తెచ్చుకున్నది కాదు. మల్లమ్మ నుంచి కల్వకుర్తామెకు, ఆమె నుంచి యాదమ్మకు వరుసగా పోయింది. "కాని చూడుండ్రి అక్కా. ఒకామె ఇంటికి పోయిన వారం దాటినంక గని ఇంకొకామె రాలె. అన్ని దినాలు ఆ పురుగు ఎక్కడున్నది? మీ చేతుల మీదనా? మీరు దినానికి ఎన్నిసార్లు చేతులు కడుగుతరో ఈ దవాఖానంత ఎరుకే. అది ఎక్కడ్నో దాక్కున్నది. ఎవరు చేసిన్రని అడుగొద్దు. ఎట్ల పోయిందో అడుగుదం."

కుళాయి, పళ్లెం, ట్రాలీ, మంచాల ఊచలు, అన్నిటి నుంచీ దూదితో తుడిచి పరీక్ష చేశాం. ఎక్కడా దొరకలేదు. అయినా మేడమ్ వార్డుకు రావడం మానలేదు. ఏ మంచం దగ్గరైనా స్టూలు లాక్కుని కూర్చునేది. మీ ఊళ్లో వానలెట్లున్నయి, కోడలు మంచిదేనా అని మాట్లాడేది. ఈమెకు పని లేదా అనుకునేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరం తలుపు దాకా వచ్చేసరికి లోపల గొడవ. యాదమ్మా, పక్క మంచం లింగమ్మా ఒక నల్ల గొంగడిని చెరో చివర పట్టుకుని ఉన్నారు.

"సలి సంపుతున్నదే. జర ఇయ్యరాదు!" అంటోంది లింగమ్మ.

"ఇయ్య. నేనింక లేసి నడుస్తలేను. నడిసినంక ఇస్త."

"నీ అవ్వగారు పెట్టిన్రా ఏంది? మల్లమ్మ అందరి కోసమని ఇడిసిపోయింది."

"ఆఁ, మల్లమ్మ కప్పుకున్నది, నడుసుకుంట ఇంటికి పోయింది. కల్వకుర్తామె కప్పుకున్నది, గామె గూడ నడుసుకుంట పోయింది. ఇప్పుడు నా వంతు. నువ్వు నా ఎనుక!"

మేడమ్ నా మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, హైదరాబాద్ కాగితంల ఉన్న వరుసనే ఈమె నోటికి చదువుతున్నది."

వాళ్లు నన్ను చూసిన మరుక్షణం గొంగడి మంచం కిందికి మాయమైంది. అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్లూ అది నాకెందుకు కనబడలేదో. బయటి దుప్పట్లు తేకూడదని నియమం పెట్టింది నేనే. నా అడుగుల చప్పుడు వినగానే అది ఎవరో ఒకరి మూటలోకి పోయేది, ఇంటికి వెళ్లేవాళ్లు ఉన్నవాళ్లకు అప్పగించి పోయేవాళ్లు. నేను నోరు తెరిచేలోపే మేడమ్ స్టూలు లాక్కుని కూర్చుంది.

"మంచి గొంగడి. ఎవరు నేసిన్రు యాదమ్మా?"

యాదమ్మ మెల్లగా దాన్ని బయటికి తీసింది. "తీస్కపోతవా? తీస్కపోతె నేను ఇంటికి ఎట్ల పోత?"

"నిన్ను నడిపిస్తున్నది సూది మందు. దీనికి గూడ జర వైద్యం చేసి పంపుత."

గొంగడి మీద అదే బ్యాక్టీరియా దొరికింది. దాన్నీ హైదరాబాద్ పంపితే అవే తప్పులు, అదే వరుస. నన్ను స్టోరుకు వేయమని నేనూ ఇక అడగలేదు. సార్ నా టేబుల్ దగ్గరికి వచ్చి, చలికాలానికి వార్డుకు కొత్త కంబళ్లు ఎన్ని కావాలో చెప్పమన్నారు. లెక్క మాత్రం నేనే వేసి ఇచ్చాను.

మల్లమ్మ చూపించుకోవడానికి వచ్చినప్పుడు సంగతి చెబితే ఒంటికాలి మీద లేచింది. "నా గొంగడిల రోగమా? దాని కింద నేను బతికిన, నా గొర్లు బతికినయ్!"

"నీ గొంగడి మంచిది కాబట్టే అమ్మా, పురుగు గూడ ఇడిసిపెట్టి పోలె," అంది మేడమ్. మల్లమ్మ కోపం నవ్వులోకి జారిపోయింది. కాల్చేస్తామంటే వినేది కాదు. మరిగే నీళ్లలో ఉతికించి, సామాన్లకు ఆవిరి పట్టే యంత్రంలో పెట్టించాం. పురుగు పోయింది కానీ ఉన్ని ముడుచుకుని, మనిషంత గొంగడి మోకాళ్ల దాకా కూడా రాకుండా అయింది. మేడమ్ దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని బిక్కమొహం వేసింది. మల్లమ్మ దాన్ని ఎత్తి పట్టి వార్డుకంతా చూపించింది.

"తల్లిని తీస్కపోయి పిల్లనిచ్చిన్రేంది! పోనీ, మా మనుమనికి సరిపోతది."

కుట్లు పట్టుకుని మరీ నవ్వారు ఆ రోజు మా రోగులు. యాదమ్మ ఇంటికి వెళ్లిన పొద్దున వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూపించి, లింగమ్మను వెక్కిరించి మరీ పోయింది.

మేడమ్ ఇప్పుడు హైదరాబాద్‌లో పెద్ద ల్యాబులో ఉంది. ఫోన్ చేస్తే ఇంకా మొదట వానల గురించే అడుగుతుంది. నేను రిటైరయ్యాక ఇక్కడ నర్సింగ్ చదివే పిల్లలకు వారానికోసారి పాఠం చెబుతున్నాను. తేదీ వేయని సీసా కనబడితే ఇప్పటికీ ఊరుకోను. పోయిన వారం డ్రెస్సింగ్ గదిలోకి వెళ్లేసరికి ఒక పిల్ల గబుక్కున చేతులు వెనక్కి పెట్టుకుంది. వెనకటి నేనైతే గుమ్మంలోంచే అరిచేదాన్ని. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"రాజోలి, మేడమ్."

"తుంగభద్ర నిండుగ పోతున్నదా ఈసారి?"

పోతున్నదని చెప్పింది. కాస్త నవ్వింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, నేను అడగకుండానే, వెనుక ఉన్న చేతులు మెల్లగా ముందుకు వచ్చాయి. ఒకదాంట్లో సగం కొరికిన మిరపకాయ బజ్జీ ఉంది.