ఎలుకలు గూడు కట్టాయా?

రాష్ట్రం వచ్చిందని ఉప్పల్ చౌరస్తాలో కట్టిన తోరణాలు ఇంకా విప్పలేదు. వాటి కింద టీ తాగుతుండగా మా మేడం ఇక లేరని ఫోన్ వచ్చింది. మళ్ళీ గ్లాసు ఎత్తబుద్ధి కాలేదు.

నాచారంలో ఒక ల్యాబులో నేను ఎలుకల గది చూసుకునేవాణ్ణి. ఆమె సైంటిస్టు. ఎలుకలకు మశూచి జాతి వైరస్ ఎక్కించి, దాన్ని ఆపే మందును పరీక్షించేవారు. పొద్దున రాగానే ఎలుకల తూకం చూసేవారు కాదు, ప్లాస్టిక్ పెట్టెల్లోకి వంగి చూసేవారు. ఒళ్ళు బాగున్న ఎలుక కాగితం పీలికలు పోగేసి గుండ్రంగా గూడు కట్టుకుంటుంది. జబ్బుపడితే వాటిని ముట్టదు.

మందు పడిన ఎలుకలు బతికాయి. ల్యాబు నడిపే పెద్దసారు సంబరపడ్డారు.

"ఇగ అయిపోయిందమ్మా, రిపోర్టు రాసెయ్."

"బతికించింది మందు సార్. వైరస్‌తో పోరాడ్డం ఒళ్ళు నేర్చుకుందో లేదో ఇంకా తెలీదు."

మందు మరీ తొందరగా వైరస్‌ను అణిచేస్తే, ఒంటికి శత్రువును గుర్తుపట్టే వీలే ఉండదేమోనని ఆమె భయం. అందుకే మందు ఆపి, కొన్నాళ్ళు ఆగి, అదే వైరస్ మళ్ళీ ఎక్కించాలన్నారు. ఈసారి మందు లేకుండా.

"బతికినవాటిని మళ్ల సంపుతవా ఏంది?"

"అవి చావవని తేల్చడానికే సార్."

రోజూ అడిగి అడిగి ఒప్పించారు.

ఇంతలో ఆమెకే క్యాన్సర్ బయటపడింది. ఎలుకల గదిలోకి వెళ్ళొద్దన్నారు డాక్టర్లు. అయినా మేడిపల్లి నుంచి బస్సులో వచ్చి, ముక్కుకు మాస్కు, తలకు స్కార్ఫుతో ఆ గది అద్దం బయట నిలబడేవారు.

"ఇంట్ల జర పండుకోవచ్చు గద మేడం," అన్నాను ఒకసారి.

"మందు నాకు టైమిస్తుంది పెద్దన్నా. ఆ టైంలో పని మనమే చెయ్యాలి. పడుకుంటే ఎలా?"

రెండోసారి ఎక్కించేటప్పుడు, పోల్చి చూడ్డానికి ఆ జబ్బు ఎరగని కొత్త ఎలుకలకూ వైరస్ ఎక్కించాం. అవి ముడుచుకుపోయాయి. వాటి పీలికలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. మందుతో బతికినవాటి పెట్టెల దగ్గరికి వెళ్ళాను. అద్దం అవతలి నుంచి మేడం చేత్తో అడిగారు, ఏమైందని.

వాటిలో ఒక పెట్టె ఎత్తి అద్దానికి ఆనించాను. పీలికలన్నీ ఒక మూలకు చేరి గుండ్రంగా గూడయ్యాయి. అందులోంచి ఎలుక తల బయటపెట్టి మమ్మల్ని చూసి, ఇంకో పీలిక లోపలికి లాక్కుంది.

అవతల మేడం రెండు అరచేతులూ గూడులా గుండ్రంగా చేసి అద్దానికి ఆనించారు. పెట్టె ఎంత బరువెక్కినా నేను దించలేదు.