పెద్ద అక్షరాల పేజీ

ఆర్లిస్ కెటోలా మా కౌంటీ ఆఫీసులో పంతొమ్మిదేళ్లు పనిచేసింది. కంప్యూటర్లకు ఏ జబ్బు చేసినా ఆమెనే పిలిచేవాళ్లం. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆదివారం చర్చిలో ఎడమవైపు మూడో బల్ల మీద నా పక్కన కూర్చుని, పాటల పుస్తకం తెరవకుండానే అన్ని చరణాలూ పాడేది.

చలికాలంలో ఆమె తలుపు తీసేసరికి మెట్ల మీద మంచు ఉండేది కాదు. ఎదురింటి వెండెల్ సేథర్ అప్పటికే పారతో ఎత్తిపోసి వెళ్లిపోయేవాడు. డెబ్భై ఒక్కేళ్ల మనిషి, చూపు మందగించింది.

"మీ మెట్లు మీరు చూసుకోండి వెండెల్ గారూ, నడుం పట్టేస్తుంది," అనేది ఆర్లిస్.

"నా నడుం సంగతి నేను చూసుకుంటాలే అమ్మాయ్. నువ్వు జారిపడితే ఆఫీసులో ఆ పెట్టెలకి దిక్కెవరు?"

వెండెల్‌కి ఉన్న సరదా ఒక్కటే. హల్వర్ సరస్సు గడ్డకట్టాక బండేసుకుని దాని మీదికి పోయి, గడ్డకు చిల్లి పెట్టి, గాలం వేసుకుని కూర్చోవడం. ఆయన భార్య డోరీన్‌కి అది ప్రాణసంకటం. ఆమె తమ్ముడు చిన్నప్పుడే గడ్డ విరిగి నీళ్లలోకి పోయాడు. అందుకని పెళ్లయిన ఏడే భర్త చేత మాట తీసుకుంది. గడ్డ మందం ఎంతో కనుక్కోకుండా సరస్సు మీద అడుగు పెట్టకూడదు. నలభై నాలుగేళ్లు ఆయన ఆ మాట తప్పలేదు. మొదట్లో ఆఫీసుకు ఫోను చేసి అడిగేవాడు. తర్వాత కౌంటీ వెబ్ పేజీలో చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఆ అంకెలు ఎక్కించేది నేనే. షెరీఫు ఆఫీసు డిప్యూటీ సరస్సు మీద గడ్డను తొలిచి కొలిచి ఫోనులో చెప్పేవాడు. నేను వెబ్ పేజీకి ఒకసారి, ఎరల దుకాణంలో అంటించే కాగితానికి ఒకసారి, రేడియో వాళ్లకు ఒకసారి కొట్టేదాన్ని. ఒకసారి తొమ్మిది అంగుళాలకు బదులు పంతొమ్మిది పడింది. దేవుడి దయవల్ల ఆర్లిస్ కంటపడింది కాబట్టి సరిపోయింది. ఆ రోజే, "ఇలా మూడుసార్లు కొట్టడం మానేద్దాం," అంది.

2002 జనవరిలో పని మొదలుపెట్టింది. అంకె ఏది, చోటు ఏది, హెచ్చరిక ఏది అని గుర్తులు పెట్టి ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఒక్కసారి రాస్తే, పేజీలు పంపే మిషను, సర్వరే, దాన్ని కావలసిన రూపంలో తయారుచేసి ఇస్తుందట. దానికి వెబ్ సర్వర్‌కి మాడ్యూల్ అనే అదనపు ముక్క ఒకటి తగిలించాలి. మా పాత మిషనుకు సరిపడేది తయారుగా దొరకలేదు. దాని సోర్సు కోడ్ తెచ్చుకుని తానే కట్టుకుంది. పది రోజులు పట్టింది. నేను మధ్యాహ్నం బఠాణీల సూపు పట్టుకెళితే తెర వంక చూస్తూనే తాగేది.

"ఏమైందే, కుదిరిందా?"

"ఇంకో ప్రోగ్రాం లైబ్రరీ కావాలంటోంది. అది తెస్తే, దానికి మరోటి కావాలట."

"మా ఆయన తరఫు చుట్టాల్లా ఉంది వ్యవహారం. ఒకర్ని పిలిస్తే పది మంది దిగుతారు."

ఆమె నవ్వి సూపు బట్టల మీద ఒలకబోసుకుంది. పదకొండో రోజున కాన్ఫిగరేషన్ ఫైల్లో ఆఖరి వరస సరిచేశాక పేజీ కనిపించింది. ఇద్దరం చేతులు పట్టుకుని ప్రభువుకు వందనాలు చెప్పుకున్నాం.

పని అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ మా కోసం ఇంకొంచెం కష్టపడింది. నేను గుర్తుల మధ్య అంకె మార్చబోయి గుర్తునే చెరిపేసేదాన్ని. పేజీ మొత్తం ఆగిపోయేది. నాకు కోపం, ఏడుపు. అప్పుడామె అంకెలన్నీ వేరే చిన్న ఫైల్లోకి తీసింది. పెద్ద ఫైలు ఆ చిన్నదాన్ని లోపలికి లాక్కుంటుంది. నేను పెద్దదాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఇక వెండెల్ కోసం పెద్ద అక్షరాల పేజీ ఒకటి చేసింది. అంకెలు ఒక్క తెరలో పట్టాలని అందులోంచి తేదీ తీసేసింది. ఆయన కంప్యూటర్ తెరవగానే అదే వచ్చేలా స్వయంగా వెళ్లి పెట్టి వచ్చింది. ఆ పేజీ చిరునామా ఇంకెవరికీ ఇవ్వలేదు.

"ఇదేంటమ్మాయ్, అవతలి ఒడ్డు వాళ్లు కూడా చదివేట్టున్నారు!" అన్నాడాయన. ఆ సాయంత్రం శుభ్రం చేసిన చేపలు రెండు కాగితంలో చుట్టి ఆమె గుమ్మం దగ్గర పెట్టి వెళ్లాడు.

మిషను పాతది. అడిగిన ప్రతివాళ్లకూ పేజీ కొత్తగా తయారుచేయడానికి తొమ్మిది సెకండ్లు పట్టేది. మార్చి మొదటి సోమవారం ఆర్లిస్ ఒక వెసులుబాటు పెట్టింది. ఒకసారి తయారైన పేజీని సర్వర్ దాచుకుని, ఫైలు మారేదాకా అదే అందరికీ ఇస్తుంది. మేం ఆఫీసులో చూసుకునే చిరునామాకు మాత్రం దాచడం పెట్టలేదు. పరీక్షించేటప్పుడు ఎప్పటికప్పుడు కొత్తది చూసుకోవడం ఆమె అలవాటు. ఆ రోజు ఏటి మూతి దగ్గర, అంటే ఏరు సరస్సులో కలిసే చోట, గడ్డ పదిహేను అంగుళాలు. బళ్లు వెళ్లవచ్చు అని రాశాను.

మంగళవారం గాలి వెచ్చబడి వాన పట్టుకుంది. గురువారం డిప్యూటీ చెప్పిన ప్రకారం ఏటి మూతి దగ్గర ఏడు అంగుళాలు, బళ్లు వద్దు అని కొట్టాను. నా తెర మీద చూసుకున్నాను. సరిగ్గా ఉంది. నిశ్చింతగా ఇంటికెళ్లాను.

శుక్రవారం పొద్దున వెండెల్ బండి ఏటి మూతి దగ్గర గడ్డ విరిగి మునిగిపోయింది. మధ్యాహ్నానికి ఆయన్ని బయటికి తీశారు.

తర్వాతి మంగళవారం సమాధి చేశాం. తర్వాత చర్చి కింది గదిలో కాఫీ దగ్గర మాటలు ఆగలేదు.

"వానలో బండేసుకుని సరస్సు మీదికి పోతాడా ఎవడైనా?"

"ముసలాడు చూసుకోలేదంటావా?"

"చూసుంటే పోయేవాడా? పేజీలో బళ్లు వద్దని ఉందని ఆఫీసు వాళ్లే చెప్పారట. మొండి మనిషి."

డోరీన్ అంతా వింటోంది. కప్పు బల్ల మీద పెట్టి, "నలభై నాలుగేళ్లూ మాట నిలబెట్టుకున్నాడనుకున్నాను. ఎన్నిసార్లు నా మొహం మీదే అబద్ధమాడాడో," అంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు. కోపమే ఉంది.

ఆర్లిస్ లేచి పాస్టరు గారి గదిలోకి వెళ్లిపోయింది. ఏడుస్తోందేమోనని కాఫీ పట్టుకుని వెనకే వెళ్లాను. ఆమె పాస్టరు గారి కంప్యూటర్ ముందు నిలబడి ఉంది. తెర మీద మా పేజీ. పైన సోమవారం తేదీ, అదీ కిందటి వారం సోమవారం. ఏటి మూతి పదిహేను అంగుళాలు. బళ్లు వెళ్లవచ్చు.

"నేను మార్చాను ఆర్లిస్! ఒట్టు, గురువారమే మార్చాను!"

"నువ్వు మార్చావు. తప్పు నాది." నా వైపు తిరిగింది. "సర్వర్ పెద్ద ఫైలు మారిందా లేదా అనే చూస్తుంది. లోపలికి లాక్కునే చిన్నదాని వంక చూడదు. నువ్వు మార్చేది చిన్నది. పరీక్షించినన్నాళ్లూ నేను పెద్దదాన్నే కెలుకుతూ కూర్చున్నాను. ఎప్పుడూ కొత్తదే వచ్చేది."

నల్లబట్టల్లోనే ఆఫీసుకు పోయి, దాచుకున్న పేజీలన్నీ తీసేయించి, ఆ వెసులుబాటు ఎత్తేసింది. తర్వాత సర్వర్ చిట్టా తెరిచింది. ఎవరు ఏ పేజీ ఏ నిమిషంలో అడిగారో అందులో ఉంటుంది. శుక్రవారం పొద్దున ఐదూ నలభై ఒకటికి పెద్ద అక్షరాల పేజీ. ఆ వరస మీద వేలు పెట్టి, "ఈ చిరునామా వెండెల్ గారికి తప్ప ఎవరికీ ఇవ్వలేదు," అంది.

మర్నాడు మా పై అధికారికి చెప్పింది. ఆయన తలుపు వేసి, "బాగుచేశావు కదా. ఎవరూ అడగలేదు. పోయినాయన తిరిగి వస్తాడా?" అన్నాడు.

"డోరీన్ గారు ఆయన్ని తిడుతున్నారు సార్."

"ఆవిడ కోపం నాలుగు రోజులుంటుంది. ఈ ఉద్యోగం పోతే నీకు ఇంకోటి ఈ ఊళ్లో దొరకదు."

"దొరకదని తెలుసు సార్," అని బయటికొచ్చింది.

నన్ను తోడు రమ్మంది. డోరీన్ వంటింట్లో వెండెల్ బట్టలు పెట్టెలో కుక్కుతోంది, ఎవరికైనా ఇచ్చేయడానికి. ఆర్లిస్ కూర్చోలేదు. చిట్టాలోని వరస కాగితం మీద అచ్చుతీసి తెచ్చింది. బల్ల మీద పెట్టి, జరిగినదంతా చెప్పింది. తన తప్పును తగ్గించి ఒక్క మాట కూడా అనలేదు. చిన్న ఫైలు నా కోసమే చేసిందన్న సంగతి మాత్రం చెప్పలేదు. నేనే చెప్పబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

డోరీన్ కాగితం కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

"ఐదూ నలభై ఒకటా?"

"అవునండి."

"నేనింకా లేవలేదు అప్పటికి." కాగితం మడిచింది. "అయితే చూశాడు."

"చూశారు. వెళ్లవచ్చని ఉంది. నేను వెళ్లవచ్చని చూపించాను."

డోరీన్ పెట్టెలోంచి ఆయన కోటు పైకి తీసింది. దులిపి, కాలరు సరిచేసి, తలుపు పక్కన మేకుకు మళ్లీ తగిలించింది. అప్పుడు ఏడ్చింది. సమాధి దగ్గర రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. ఆర్లిస్ ఒక అడుగు ముందుకు వేయబోతే చెయ్యి అడ్డంపెట్టింది.

"చెప్పావు. మంచిదే. ఇక వెళ్లు ఆర్లిస్. మళ్లీ ఈ గుమ్మం తొక్కకు."

వేసవిలోగా ఆర్లిస్ ఉద్యోగం పోయింది. ముసలివాళ్ల ఆశ్రమంలో దుప్పట్లు ఉతికే పనిలో కుదిరింది. చర్చిలో నా పక్కనే కూర్చునేది కానీ పాడటం మానేసింది. నేను మాత్రం ఇప్పటికీ అంకెలు ఎక్కించాక ఊరి లైబ్రరీ దాకా నడిచి, అక్కడి కంప్యూటర్లో చూసుకుంటే గాని కోటు విప్పను.

ఆ ఏడు నవంబరులో మొదటి మంచు కురిసిన పొద్దున ఆర్లిస్ పార పట్టుకుని రోడ్డు దాటింది. డోరీన్ మెట్లు ఎత్తిపోసి, వీధి దాకా దారి చేసి, తలుపు తట్టకుండా వచ్చేసింది. ఆ చలికాలమంతా, ఆ మరుసటిదంతా అలాగే చేసింది. ఆ మెట్ల మీద ఒక్క అడుగు గుర్తు కూడా పడలేదు. డోరీన్ వెనక తలుపు నుంచి, మోకాలి లోతు మంచులో పడి వెళ్లేది.