పదకొండో బోర్డు

పోయినవి పదకొండు ఫ్యూజులు, పద్నాలుగు కెపాసిటర్లు, ఆరు డయోడ్లు, అయిదు రెగ్యులేటర్లు, ఒక ప్రాసెసర్ చిప్. మొత్తం ముప్పై ఏడు. దసరా ముందురోజు నా భార్య వంటింట్లో పసుపు తడిపితే చాలు, ఆ వాసన గది దాటి వచ్చి నా బల్ల మీది సోల్డర్ పొగలో కలిసేసరికి ఈ లెక్క దానంతటదే నోటికి వస్తుంది. ఆ రెండు వాసనలనూ మొదటిసారి కలిపి పీల్చింది ఎల్‌బీనగర్‌లోని ఒక కమ్యూనిటీ కాలేజీ ల్యాబులో. ఆ ముప్పై ఏడింటినీ పోగొట్టింది నేనే. పోయినవాటిని ఎలా లెక్కపెట్టాలో నేర్పింది మాత్రం విజయకుమారి మేడమ్.

నేను చదివింది పదో తరగతి. లెక్క మాత్రం పోచంపల్లి పక్కన మా ఇంట్లో నూలుపోగులు ఎంచి, రంగు ఎక్కకూడని చోట ముడులు కడుతూ నాకు నేనే నేర్చుకున్నాను. తరవాత దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పద్దెనిమిదేళ్లు పనిచేశాను. చీరలు ఇంకా మడత పెట్టకముందే బిల్లు మొత్తం చెప్పేసేవాణ్ణి. ఒకరోజు దుకాణంలోకి కంప్యూటర్ వచ్చింది. నన్నెవరూ తీసెయ్యలేదు. కానీ నేను చెప్పిన మొత్తం విని కూడా కొనేవాళ్లు తెర వైపు చూసేవారు. నన్ను పక్కకు జరిపిన ఆ పెట్టెలో ఏముందో చూడాలనిపించింది. నలభై ఒకటో ఏట కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ కోర్సులో సాయంత్రం తరగతికి చేరాను. ఏడాది చదువు, చివర్లో ప్రాక్టికల్ పరీక్ష.

మేడమ్‌ది బాపట్ల వైపు. యాభై దాటిన మనిషి, నూలు చీర, చెవి మీద పెన్సిల్. మా ఇరవై ఇద్దరిలో ప్రతి ఒక్కరినీ 'గారు' అనే పిలిచేది. మొదటి వారంలోనే నాకూ ఆమెకూ తగాదా. రెసిస్టర్ మీది రంగు గీతలు చూసి విలువలు గడగడా చెప్పేశాను. ఆమె మీటరు నా ముందుకు తోసింది.

"మీ లెక్క కరెక్టేనండి భిక్షపతి గారూ. కానీ అది మీ లెక్క వినలేదు కదా! మీటరు పెట్టి దాన్నే అడగండి."

నా పక్క బల్ల యాదగిరిది. నల్లగొండ నుంచి వచ్చి షేర్ ఆటో నడుపుకునేవాడు. "నీ నోరే మీటరనుకున్నవా ఏంది అన్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు రెండు రోజులు మనసు బాగోలేదు.

అయినా రోజూ సాయంత్రం స్క్రూలతో సహా సామాను ఎంచి అప్పగించేది నేనే కాబట్టి, మేడమ్ ల్యాబు తాళం నాకే ఇచ్చింది. ఆ తాళంతోనే దసరా ముందురోజు లోపలికి వెళ్లాను. మా ఇంట్లో పండక్కి మగ్గానికి పసుపునీళ్లు చల్లి, బొట్లు పెడతాం. పూజయ్యాక పోగును మోసే నాడెను ఒక్కసారైనా మగ్గంలో అటూ ఇటూ ఆడించాలి. పూజ చేసిన పనిముట్టును ఊరికే ఉంచితే అలుగుతుందనేది మా అమ్మ. మేడమ్ స్వయంగా తయారుచేసిన సాధన బోర్డులు పదకొండూ వరసగా పెట్టాను. పసుపునీళ్లు చల్లాను, తడి కుంకుమ పెట్టాను. మగ్గం కాదు కదా, నాడెకు బదులు మెయిన్ స్విచ్ వేశాను. దీపావళి ముందే వచ్చినట్టు టపటపమన్నాయి. పొగ, పసుపు, ఆ వాసన.

సెలవుల తరవాత యాదగిరి బోర్డుల్ని చూసి నెత్తి పట్టుకున్నాడు. "ఏం జేసినవే అన్నా! పరీక్ష నెల దినాలే ఉండె. బొట్లు నువ్వే పెట్టినవ్, ఇగ దండలేసుడొక్కటే తక్కువ." ప్రిన్సిపాల్ నన్ను కోర్సు నుంచి తీసెయ్యమన్నారు. మేడమ్ కుర్చీలోంచి లేవకుండానే అన్నది: "తాళం ఇచ్చింది నేనండి. ఆయన్ని పంపిస్తే బోర్డులు ఎవరు బాగుచేస్తారు?"

బయటికి వచ్చాక, "నా జీతంలకెల్లి కడత మేడమ్" అన్నాను. "డబ్బొద్దండి. ఏం పోయిందో రాసుకు రండి" అన్నది. 'పదకొండు బోర్డులు పోయినవి' అని రాసిచ్చాను. ఆమె ఆ కాగితం నాకే తిరిగిచ్చింది.

"బోర్డులు పోయాయని మీటరు చెప్పిందా, మీ భయం చెప్పిందా?"

అప్పుడు మొదలుపెట్టాను. ఒక్కో బోర్డులో నలభై భాగాలు. ఒక్కోదాన్నీ మీటరుతో అడిగాను. చచ్చినదాన్ని విప్పి, నోట్‌బుక్‌లో టేపుతో అంటించి పక్కన పేరు రాయాలి. కొత్తది పెట్టాక టిక్కు కొట్టాలి. అది మేడమ్ పద్ధతి. వారం పట్టింది. ఆమె నా నోట్‌బుక్ తిరగేసి, చెవి మీది పెన్సిల్ తీసి అడుగున కూడింది.

"నాలుగు వందల నలభైలో ముప్పై ఏడు. నాలుగు వందల మూడు బతికే ఉన్నాయండి. మీరేమో అన్నిటికీ కలిపి కర్మ చేసేశారు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అంత లెక్క వచ్చినవాణ్ణి, మిగిలిన నాలుగు వందల మూడింటిని ఒక్కసారి కూడా లెక్కలోకి తీసుకోలేదు.

పరీక్ష నాటికి పది బోర్డులు లేచాయి. వంతులేసుకుని అందరం రాశాం, యాదగిరీ నేనూ పాసయ్యాం. పదకొండోదానికి మాత్రం ప్రాసెసర్ చిప్ దొరకలేదు. ఆ రకం తయారీ ఆగిపోయిందన్నారు కోఠి దుకాణాల వాళ్లు. చివరిరోజు మేడమ్ ఆ బోర్డును పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టింది. "బతికించి తెచ్చివ్వండి. తొందరేం లేదు. ఒక్కటే షరతు, బతికున్నదాన్ని విప్పి దీనికి పెట్టకూడదు."

ఆ సర్టిఫికెట్‌తోనే దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ముందుగదిలో ఈ రిపేరు షాపు పెట్టుకున్నాను. ఏటా దసరాకు మేడమ్ ఫోన్ చేసేది. మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "పసుపు పొడిగానే పెట్టారా?" రెండోది: "మన పదకొండోది ఎంతవరకు వచ్చిందండీ?" మేడమ్ పోయాక ఇది నాలుగో దసరా. ఫోన్ మోగదని తెలిసినా బల్ల మీద పెట్టుకునే కూర్చుంటాను.

పోయిన నెల బడంగ్‌పేట్ నుంచి ఒకామె ఎంబ్రాయిడరీ మిషన్ బోర్డు తెచ్చింది. "ఖరాబైందన్నరు అన్నా. కొత్త మిషన్ కొనే తాకత్ లేదు. గిది నువ్వే ఉంచుకో, నేనేం జేసుకుంట?" అన్నది. తిప్పి చూస్తే మధ్యలో అదే చిప్. పద్నాలుగేళ్లుగా నేను వెతుకుతున్నది. ఆమె అప్పటికే మెట్టు దిగుతోంది. పిలవకపోతే అది నాది. చేతిలో మీటరు ఉంది. చిప్ బాగానే ఉంది. పోయింది ఒక్క కెపాసిటరే.

"అమ్మా, జర ఆగు. ఇది పోలే. దీంట్ల ఒక్కటే పోయింది."

"నిజంగనా అన్నా? రెండు నెల్ల సంది మూలకు పడేసిన గదనే!"

పది నిమిషాల పని. బోర్డును కొంగులో చుట్టుకుని, బస్సు కోసం పరుగెత్తింది.

ఈ రోజు పదకొండో బోర్డు దుమ్ము తుడిచి, ఒక మూలన పొడి పసుపు బొట్టు పెట్టాను. స్విచ్ జోలికి పోలేదు. నోట్‌బుక్ తీసి మళ్లీ లెక్కపెట్టాను. అంటించినవి ముప్పై ఏడు. టిక్కులు ముప్పై ఆరు. మేడమ్‌కు నేనింకా బాకీ ఒకటి.