నాయన విన్న కూత

మా ఊళ్లో పొద్దున పాలబండి వచ్చేలోపల రోజూ ఒక కబడ్డీ ఆట జరుగుతుంది. ఆడేవాళ్లెవరూ ఉండరు. పాల క్యాన్లు వరసగా పెట్టుకుని, అరుగు మీద కూర్చుని, ఎనిమిదేళ్ల కిందట ముగిసిపోయిన ఆటను మావాళ్లు మళ్లీ మొదటినుంచి ఆడతారు. శనక్కాయ పీకేసిన చేలమీదుగా గాలి వస్తుంటుంది. దూరంగా గుట్టమీద గాలిమరలు నిద్రలో కదిలినట్టు కదులుతుంటాయి. సగం కళ్లు మూసుకుని వింటుంటే, ఆ ఆట నిజంగా జరిగిందా, వీళ్లు రోజూ చెప్పుకోబట్టి జరిగినట్టుందా అని నాకే అనుమానం వచ్చేది.

జరిగింది. పోటీల్లో సోమందేపల్లె జట్టుతో మా ఊరి ఆఖరి ఆట. గెలిస్తే పొట్టేలు, ఓడితే చెమట. ఓడిపోయాం. ఓడించింది మా నాయన అని ఊరంతా అంటుంది.

మా తట్టు కబడ్డీకి ఇద్దరు అంపైర్లు. ఒకాయన చూస్తాడు, ఇంకొకాయన వింటాడు. కూతకు పోయినవాడు ఒకే గుక్కలో కబడ్డీ కబడ్డీ అంటూ అవతలివాళ్లను తాకి, తిరిగి నడిమి గీత ముట్టుకోవాలి. మధ్యలో గుక్క తెగిందా, ఔటు. ఆ తెగడాన్ని పట్టుకునే మనిషి మా నాయన. కూత మొదలు కాగానే కళ్లు మూసుకునేవాడు. "కండ్లు తెరిస్తే చెవి పని చెయ్యదు" అనేవాడు. నల్లమాడ దాకా ఆయన్ను పిలుచుకుపోయేవాళ్లు. సొంత ఊరి ఆటకు ఆయన్ను నిలబెట్టినా సోమందేపల్లెవాళ్లు కిమ్మనలేదు.

పాయింట్లు సమానంగా ఉన్నప్పుడు ఆఖరి కూతకు నేను పోయాను. ఎడమ మూలవాణ్ణి తాకాను. వాడు చీలమండ పట్టాడు, వాడిమీద ఇంకో ఇద్దరు పడ్డారు. అక్కణ్ణుంచి నాకు గుర్తున్నది ఆటలా ఉండదు. జనం నోళ్లు తెరిచి ఉన్నాయి, అరుపులు మాత్రం లేవు. మోచేతికింద వెచ్చటి మట్టి, నోట్లో దాని రుచి, ఎవరిదో ఊపిరి నా మెడమీద. గీత దగ్గరికి వస్తున్నది నేనో, నా దగ్గరికి వస్తున్నది గీతో తెలియలేదు. నా గొంతే నాకు పక్క ఊళ్లోంచి వినిపిస్తున్నట్టుంది. చివరికి చెయ్యి గీతమీద పడింది. తలెత్తి చూస్తే నాయన కళ్లు మూసుకునే చెయ్యెత్తి ఉన్నాడు. కూత ఆగిందని.

అప్పటినుంచీ పాల అరుగు మీద తీర్పు తేలలేదు.

శనక్కాయల అంగడి శెట్టి అనేవాడు, "ఆ పొద్దు పడమటి గాలి. గాలిమర రెక్క కిందికి దిగినప్పుడల్లా హుష్ మంటాది. ఆ హుష్‌లో పిల్లోని కూత మునిగిపోయింటాది. తప్పు గాలిది, ఆయనది కాదు."

"ఏమప్పా, పడమటి గాలి యాడ వచ్చింది?" అని లేచేవాడు పక్కింటి రైతు. "నేను ఆ పొద్దే కందులు తూర్పార పట్టినా. తూరుపు గాలి. పొట్టంతా మా పాకలోకి కొట్టింది. గాలిమర శబ్దం అట్లే గుట్ట అవతలికి పోయింటాది."

అంపైరు తీర్పును కంది పొట్టుతో తేల్చే ఊరు ఇంకెక్కడా ఉండదనుకుంటాను. ఇంకో పెద్దాయన ఈ గొడవతో సంబంధం లేకుండా పుల్లతో నేలమీద గీతలు గీసేవాడు. "అసలు ఎడమ మూలకు యాలప్పా పోవల్ల? కుడి మూలలో ఉండేవాడు కుంటుతాండె. వాన్ని ముట్టి తిరుక్కోనుంటే అయిపోతాండె." బండి వచ్చి ఆ గీతలమీదే ఆగేది. మర్నాడు మళ్లీ గీసేవాడు.

నాయన కూడా పాలు తెచ్చేవాడు. కొంచెం ఎడంగా కూర్చుని అన్నీ వినేవాడు. మొదట్లో "నాకు ఆగినట్టే ఇనపడింది" అనేవాడు, తర్వాత అదీ మానేశాడు. నన్ను మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఆడినవాణ్ణి అడిగి తీర్పు చెప్పడం ఆయన పద్ధతి కాదు.

నాకు తెలుసు. గీత జానెడు దూరంలో ఉండగా నా గుక్క తెగింది. ఒక్క రవ్వ గాలి లోపలికి తీసుకున్నాను. అది నాకూ, కళ్లు మూసుకున్న ఆ మనిషికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ రోజు మావాళ్లు నన్ను భుజాలమీద ఎత్తుకుని, "అన్యాయమైపోయినావు గదరా" అన్నారు. తల వంచుకున్నాను. అబద్ధం చెప్పలేదులే అని సర్దుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు బాగుండింది. గెలిచినవాణ్ణి నాలుగు రోజులకు మరిచిపోతారు, అన్యాయమైపోయినవాణ్ణి రోజూ తలుచుకుంటారు. ఎనిమిదేళ్లు హాయిగా తిన్నాను ఆ జాలిని.

పోయిన నెల నాయనకు మాటలు సరిగా వినపడక పుట్టపర్తికి పిలుచుకుపోయాను. పరీక్ష చేసిన డాక్టరు, ఒక చెవి బాగా మందగించిందనీ, ఇది ఎన్నో ఏళ్ల కిందటే మొదలై ఉండొచ్చనీ చెప్పాడు.

మర్నాడు పొద్దున పాల అరుగు దగ్గర శెట్టి ఇంకా గాలి మాట ఎత్తకముందే నాయన లేచి నిలబడ్డాడు. "ఇంక చాలించండప్పా. నా చెవే చెడిపోయిండాది. ఆ పొద్దు పిల్లోని కూత ఆగలేదేమో. ఊరికి నేనే అన్యాయం చేసినా" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి చేతులు జోడించబోయాడు.

వెళ్లి ఆ చేతులు పట్టుకున్నాను. "ఆగింది నాయనా. జానెడు ఇవతల ఆగింది. నువ్వు ఇన్నది నిజమే" అన్నాను.

అందరూ ఒక్కసారి నన్ను చూశారు. "ముసలాయన మొగం చూసి అట్ల అంటాండాడులే" అన్నాడు శెట్టి మెల్లగా. కందుల రైతు కూడా తలూపాడు. ఎనిమిదేళ్లలో వాళ్లిద్దరూ ఒక మాటమీదికి రావడం అదే మొదలు.

నాయన మాత్రం కళ్లు మూసుకున్నాడు. "ఇంగోసారి చెప్పు" అన్నాడు. బాగుండే చెవి దగ్గరికి వంగి మళ్లీ చెప్పాను. నమ్మినట్టు తలాడించాడు. నాకు గుండె తేలికైంది. ఇక అయిపోయిందనుకున్నాను.

ఖాళీ క్యాన్లు తీసుకుని ఇంటికి నడుస్తుంటే ఆయన మామూలు గొంతుతోనే అన్నాడు. "ఊరంతా తప్పంటే, నువ్వు గూడా ఊరకుంటే, నా చెవిమీద నాకే నమ్మకం పోయింది. ఆ తర్వాత ఎన్ని ఆటలకు నిలబడినా. కూత ఆగినట్టు ఇనపడినా చెయ్యి లేచేది కాదు. అవతలి జట్టులో ఎంతమంది పిల్లోళ్లు న్యాయంగా గెలిచేది నావల్ల ఓడిపోయిండారో."

ఆయన చేతిలోని క్యాను కూడా నేనే అందుకుని ఇంటిదాకా మోశాను.