గొంతు ఉండగా తీయాల్సిన పాఠాలు

మా ఆయనకు సిగరెట్ అలవాటు లేదు. ముందే చెప్పేస్తున్నాను. గొంతు క్యాన్సర్ అనగానే ప్రతివాళ్ళూ మొదట అడిగేది అదే. గుట్కా నమిలేవాడా, మందు తాగేవాడా అని కూడా ఆరా తీశారు. అడిగినవాళ్ళ మీద అప్పట్లో నేను ఇంతెత్తున లేచేదాన్ని. ఆయన మాత్రం నవ్వి, "చాక్‌పీసు పొడి మింగిన గదా ఇన్నేండ్లు" అనేవాడు, బొంగురు గొంతుతోనే.

ఆయన ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. సొంతూరు సిద్దిపేట వైపు. నేను కడప జిల్లా దాన్ని. సిటీలో, ఐటీ కంపెనీలుండే రాయదుర్గంలో ఒక ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. అంటే ఇంకొకరు రాసినదాంట్లో తప్పులు వెతకడమే నా ఉద్యోగం. నా స్వభావానికి సరిగ్గా సరిపోయింది. కొత్తగూడలో పై పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. ఉద్యమం రోజులవి. ఒక వారం బంద్, ఇంకో వారం రాస్తారోకో, ఆపైన సమ్మె. మా ఆఫీసువాళ్ళు బంద్ రోజు సెలవిచ్చి శనివారం పని చేయించుకునేవారు. టీ తాగే చోట తెలంగాణవాళ్ళు ఒక పక్కా, ఆంధ్ర, సీమవాళ్ళు ఇంకో పక్కా చేరేవారు. నేను వెళితే రెండు చోట్లా మాటలు ఆగిపోయేవి. పుట్టిల్లు అటు, మెట్టినిల్లు ఇటు. ఆఖరికి అక్కడ టీ తాగడమే మానేశాను.

డాక్టరు గొంతుపెట్టె మొత్తం తీసేయాలన్నాడు. ప్రాణానికి ఫరవాలేదట, మాట మాత్రం ఇక రాదట. మెడ దగ్గర చేసిన రంధ్రంలోంచి గాలి పీల్చుకోవాలట. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చి, అప్పటిదాకా వీలైనంత తక్కువ మాట్లాడమన్నాడు. బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. నాకు కళ్ళముందు రోడ్డు కూడా సరిగా కనబడలేదు.

"నోరు లేని సారును ఏం జేసుకుంటరే కాలేజీల?" అన్నాడు ఆయన.

ఇల్లు చేరేలోపు ఆయనే తేల్చేసుకున్నాడు. ఎలాగూ సమ్మె వల్ల కాలేజీలు మూతపడ్డాయి. ఆపరేషన్ లోపు ఇంటర్ లెక్కలన్నీ తన గొంతుతో రికార్డు చేసి పెట్టుకుంటాడు. తర్వాత క్లాసులో తాను బోర్డు మీద రాస్తుంటే పాఠం కంప్యూటర్ చెబుతుంది. ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేస్తే ఆయన కూడా, పాఠాలు రికార్డయి ఉంటే క్లాసు నీదే అన్నాడు. ఆ మాటతో మా ఆయన ముఖం ఎంత తేటపడిందో చెప్పలేను. అంతకు ముందు ఒక పెద్ద కాలేజీవాళ్ళు ఈయన్ని భాష మార్చుకోమన్నారు. గిట్ల, గట్ల అంటే పిల్లల తల్లిదండ్రులు నవ్వుతున్నారట. ఆ రోజే మానేసి వచ్చేశాడు. అలాంటి మనిషికి తన మాటతో తన పాఠం మిగలడమంటే ఏమిటో నాకు తెలుసు.

నా ఆఫీసు లాప్‌టాప్‌లో ఒక పాట కూడా ఎక్కించుకోనివ్వరు. ఫోన్‌లో గొంతు వస్తుంది గానీ లెక్క కనబడదు. తెర మీద పెన్నుతో లెక్క చేస్తూ, మాటనూ గీతనూ కలిపి పట్టాలంటే గట్టి కంప్యూటర్ కావాలి. బంద్ లేని ఒక రోజు చూసుకుని సికింద్రాబాద్ వెళ్ళి విడిభాగాలు కొనుక్కొచ్చాం. ఇంట్లోనే బిగిద్దామన్నాను. నేను అంతకుముందు బిగించింది లేదు, అయినా స్క్రూలు బిగించడానికి బ్రహ్మవిద్య కావాలా?

ఆపరేషన్‌కు తోడుగా ఉంటానని మా అమ్మ అప్పటికే వచ్చి ఉంది. నేను మదర్‌బోర్డు, ర్యామ్, తీగలు అన్నీ పేపర్ల మీద పరిచి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మా అమ్మ పసుపు, కుంకుమ, అక్షింతలు పట్టుకుని వాటి ముందు కూర్చుని ఉంది. ప్రతి ముక్కకూ పసుపు రాసి, బొట్టు పెట్టి, అక్షింతలు చల్లేసింది.

"అమ్మా! ఏం చేసినావే! వాటికి తడి తగలకూడదు!"

"ఏందమ్మీ ఆ అరుపులు? బొట్టు పెట్టకుండా కొత్త వస్తువు వాడతారా ఎవురైనా? అల్లుని బతుకు దీంట్లోనే ఉందంటివి గదా" అంది. అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఉండనియ్యే, అత్తమ్మ మన మంచికే జేసింది" అన్నాడు ఆయన. నేను గుడ్డ తీసుకుని కనబడిన బొట్టల్లా తుడిచాను. ఆరబెట్టి, బిగించి, స్విచ్ వేస్తే తెర వెలిగింది. మా అమ్మ దండం పెట్టింది. ఆ సాయంత్రం మేం ముగ్గురం సంతోషంగానే అన్నం తిన్నాం.

ఆయన గొంతు పొద్దున్నే కాస్త బాగుండేది, ఎండెక్కేకొద్దీ అరిగిపోయేది. అందుకని పొద్దున కాఫీ కాగానే మొదలుపెట్టాం. మొదటి పాఠం వృత్తాలు. అదే ఆయనకు ఇష్టం. "ఇగ చూడుర్రి, భయపడేదేం లేదు గీన్ల. గీ గీత వృత్తాన్ని ఒక్కటే కాడ తాకుతది, లోపటికి పోదు. దీన్నే స్పర్శరేఖ అంటం" అని మొదలుపెట్టి, ఎదురుగా క్లాసు నిండా పిల్లలున్నట్టే చెప్పుకుపోయాడు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. నాకే అర్థమైంది, లెక్కలంటే ఆమడ దూరం పారిపోయే దాన్ని! పాఠం అయిపోయింది, సేవ్ చేయబోయాడు. తెర మొత్తం నీలంగా మారి, తెల్లటి అక్షరాలు పడి, కంప్యూటర్ దానంతట అదే ఆగిపోయింది. తిరిగి వేస్తే పాఠం లేదు.

కరెంటు ఎగుడుదిగుడు వల్ల అనుకున్నాను. యూపీఎస్ పెట్టాం. మర్నాడు అదే పాఠం మళ్ళీ చెప్పాడు, మళ్ళీ నీలం తెర. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తగా వేశాను. మధ్యమధ్యలో సేవ్ చేయమన్నాను. సేవ్ అయితే అయింది, తెరిచి వింటే ఆయన మాటల మీద బరబరమని ఇసుక పోసినట్టు చప్పుడు. వేడికేమో అని క్యాబినెట్ పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాన్ పెట్టాను. దుమ్ము తప్ప ఇంకేం రాలేదు. తల ప్రాణం తోకకొచ్చింది. ఆఫీసులో ఎవరైనా తమ ప్రోగ్రాం బాగానే ఉందంటే కొట్టేంత కోపం వచ్చేది నాకు.

అసలు భయం కంప్యూటర్ గురించి కాదు. పోయిన ప్రతి పాఠంతోనూ ఆయన గొంతు కొంచెం పోతోంది. డాక్టరు దాచుకోమన్న మాటలన్నీ ఆ నీలం తెర మింగేస్తోంది. స్పర్శరేఖ రెండోసారి చెప్పినప్పుడు మధ్యలో దగ్గాడు. ఇంకోసారి చెప్పినప్పుడు ఆగి ఆగి నీళ్ళు తాగాడు.

"ఇంక ఆపబ్బా, నీకు దండం పెడతా. ఇది బాగయ్యేదాకా నోరు మెదపొద్దు" అన్నాను.

"తేదీ దగ్గర పడ్తుంది గదనే. నువ్వు జేసేది నువ్వు జెయ్యి, నేను చెప్పేది నేను చెప్త" అన్నాడు. మొండి మనిషి. నేను వంటింట్లోకి పోయి గిన్నెలు విసిరేశాను.

ఆ తర్వాత చేయాల్సిన పని చేశాను. ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం సీడీలోంచి నడిపాను. ర్యామ్ అంటే కంప్యూటర్ పనిలో ఉన్నంతసేపూ అన్నిటినీ చేతిలో పట్టుకుని ఉండేది. అది జారవిడిస్తే అంతా జారిపోతుంది. కాసేపటికి తెర మీద వరసగా ఎర్ర గీతలు. కొంచెం ఊరట కలిగింది, దొంగ దొరికాడని. ర్యామ్ ముక్కలు రెండు. ఒకటి తీసేసి ఒకదాన్ని పరీక్షించాను, తప్పు లేదు. దాన్ని తీసి రెండోది అదే చోట పెట్టాను, దానికీ తప్పు లేదు. రెండూ కలిపి పెడితే మళ్ళీ ఎర్ర గీతలు. వాటికీ వాటికీ పొత్తు కుదరలేదనుకున్నాను. ఆఫీసులో ఒకాయనతో చెబితే, అచ్చం మన రాష్ట్రంలాగా అని నవ్వాడు. ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో మనిషి గొంతు పోతుంటే వీళ్ళకు పోలికలు!

ఒక్క ముక్కతో నడిపి చూశాం. కంప్యూటర్ ఆగిపోలేదు గానీ ఈడ్చుకుంటూ నడిచింది, మాట ఎక్కడో, పెన్ను గీత ఎక్కడో. అలాంటి పాఠం చూస్తే వచ్చిన లెక్క కూడా మర్చిపోతారు. మార్పించుకొద్దామంటే బంద్. దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. అది ఆయన మనస్ఫూర్తిగా కోరుకున్న ఉద్యమం. గొంతు బాగున్న రోజుల్లో శిబిరాలకు పోయి నినాదాలిచ్చి వచ్చేవాడు. ఆ బంద్‌ను తిట్టుకునే హక్కు నాకుందో లేదో తెలీదు, లోపల లోపల తిట్టుకున్నాను. బంద్ అయ్యాక వెళితే దుకాణంవాళ్ళు మారుమాట లేకుండా కొత్త జత ఇచ్చారు. తెచ్చి పెట్టాను. మళ్ళీ ఎర్ర గీతలే.

ఆ రోజు కుర్చీలో కూలబడి ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "పరేషాన్ గాకే" అన్నాడు. గుసగుసలాగా వచ్చింది. కావాలనే చిన్నగా అన్నాడనుకున్నాను.

మర్నాడు ఆఫీసుకు పోలేదు. ముక్కలు మార్చడం కాదు, వాటిని గుచ్చే స్లాట్లు మార్చి చూడాలని అప్పుడు తోచింది. ఇన్నాళ్ళూ ఒక్కొక్కదాన్నీ మొదటి స్లాట్‌లోనే పెట్టి చూశాను. ఇప్పుడు ఒకదాన్ని రెండో స్లాట్‌లో పెట్టాను, ఎర్ర గీతలు. అన్నీ ఊడదీసి టార్చిలైటు వేసి ఆ సన్నటి గాడిలోకి చూశాను. లోపల అడుగున ఎర్రగా ఏదో గట్టిపడి ఉంది. కుంకుమ. దాని పక్కనే పసుపు అంటిన నూక గింజ ఒకటి ఇరుక్కుని ఉంది. పైపైన తుడిచాను గానీ ఆ గాడిలోకి నా గుడ్డ పోలేదు.

మా అమ్మ వంటింట్లో ఆయనకు జావ కాస్తోంది. నాకు కేకలేయాలనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో కన్నతల్లి మీద పుట్టెడు కోపం వచ్చింది. ఆయన వచ్చి టార్చి వెలుతురులోకి వంగి చూశాడు. అర్థమైంది. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అత్తమ్మకు చెప్పకు" అన్నాడు. మాట కాదు అది, గాలి.

చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. సూదితో గింజ తీసి, కొత్త టూత్‌బ్రష్‌తో గాడి అంతా శుభ్రం చేశాను. మధ్యాహ్నం దాకా పరీక్ష నడిపితే ఒక్క ఎర్ర గీత రాలేదు. మా అమ్మకు కంప్యూటర్ బాగైందని మాత్రం చెప్పాను. "నేను మొక్కుకున్నా గదా" అంది.

పొద్దున్నే ఆయన తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మైకు ముందు కూర్చున్నాడు. పెన్నుతో వృత్తం గీశాడు. నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. గొంతు నరాలు తేలాయి. మాట రాలేదు. నీళ్ళు తాగి మళ్ళీ ప్రయత్నించాడు. చిల్లుపడిన బెలూన్‌లోంచి వచ్చినట్టు సన్నటి గాలి మాత్రం వచ్చింది. కంప్యూటర్ ఆగిపోకుండా, తప్పు లేకుండా ఆ గాలి మొత్తం రికార్డు చేసింది. ఆపరేషన్‌కింకా సమయం ఉంది. అప్పటికీ, ఇప్పుడొస్తుంది, రేపొస్తుంది అని ప్రతి పొద్దునా చొక్కా వేసుకుని కూర్చునేవాడు. రాలేదు. చెప్పాల్సిందంతా ఆ నీలం తెరకు చెప్పేశాడు.

ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చి, మెడకు గుడ్డ కట్టుకుని, పలక మీద రాసి మాట్లాడడం నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకు పలక నా ముందు పెట్టాడు. "నేను రాస్తా. నువ్వు చెప్పు." పాఠం మాట మాటా కాగితాల మీద రాసి ఉంచాడు. నేను మైకు ముందు కూర్చుని ఆయనలాగే చదవబోయాను. "ఇగ చూడుర్రి" అన్నానో లేదో బల్ల మీద చేత్తో కొట్టాడు. పలక మీద రాశాడు: "నకలు చెయ్యకు. నీ తీరు చెప్పు."

నా తీరులోనే, నా కడప యాసలోనే చెప్పాను. "ఇప్పుడు చూడండబ్బా, ఈ గీత వృత్తాన్ని ఒక్కచోటే తాకుతాది" అన్నాను. ఆయన పక్కన కూర్చుని నా మాటకు సరిగ్గా గీత గీశాడు. కంప్యూటర్ బుద్ధిగా సేవ్ చేసుకుంది. ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. నేను ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాను. విన్నాక హెడ్‌ఫోన్ తీసి, పలక మీద "తప్పు లేదు" అని రాసి, లేచి లోపలి గదిలోకి పోయాడు.

నేను రెండో పాఠం కాగితాలు సర్దుకున్నాను. లోపలినుంచి ఏ చప్పుడూ లేదు. పడుకున్నాడేమో అనుకుని, మంచినీళ్ళు ఇద్దామని తలుపు తోశాను. మంచం మీద అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, మెడ దగ్గర గుడ్డ మొత్తం తడిసిపోయింది. గొంతు తీసేసిన మనిషి ఏడిస్తే బయటికి వినబడదని అప్పటిదాకా నాకు తెలీదు.